వెనక కొసన పెట్టిన బొట్టు

మా మేనమామ పోయాడు. ఆ పొద్దున నాకు ఫోన్ చేసి, "మిషన్ ఆన్ చేసి వేడెక్కించి పెట్టు, నేను బస్సెక్కతా ఉండా" అన్న మనిషి అసలు బస్సే ఎక్కలేదు. తొండియార్‌పేటలో తన ఇంటి గుమ్మం దగ్గర ఒక చెప్పు వేసుకున్నాడట, రెండోది వేసుకునేలోపే కూలబడ్డాడట. నేను అంబత్తూరులో మా షాపులో, ఆయన చెప్పినట్టే కొత్త మిషన్ ఆన్ చేసి ఎదురుచూస్తున్నాను. అత్త ఫోన్ చేసింది. "మీ మామ పిలిస్తే పలకతా లేడే" అంది. "చెవుడొచ్చిందేమో, గట్టిగా పిలువు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నిన్నటితో పెద్దకర్మ కూడా అయిపోయింది. నాకింకా దిమ్మ తిరిగినట్టే ఉంది. దాంతోపాటు కోపం. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఆ మర్యాదలు తెలియవు. అంత పని ముందు పెట్టుకుని ఎట్లా పోతాడండీ మనిషి?

మాది చిన్న వర్క్‌షాపు. ఇనుప కడ్డీలు తరిగి చిన్న చిన్న భాగాలు చేసి ఇస్తాం. నాన్న పోయాక మిషన్ల సెట్టింగు మామ చూసుకునేవాడు. కొలతలూ, కస్టమర్లతో తగాదాలూ నావి. ఇన్నాళ్ళూ కడ్డీని తిప్పి తరిగే పాత లేత్ మిషన్ల మీదే బండి లాగాం. విరిగిన ఎముకలను అతికించే సన్నటి పొడుగు పిన్నులు చేయగలరా అని ఒక కంపెనీ అడిగింది. పాత లేత్ మీద పెడితే కత్తి తగలగానే అంత సన్నటి కడ్డీ వంగి పక్కకు జరుగుతుంది. దానికి స్లైడింగ్ హెడ్ లేత్ కావాలి. నేను భయపడి వద్దన్నాను. అరవై దాటిన మామే కొనాలని పట్టుబట్టాడు.

"ఈ పాత మిషన్ల మీద నీకంత ప్రేమేందే? వీటితో ఇన్నేండ్లు కాపురం చేసినోణ్ణి, నాకే లేదు" అనేవాడు.

మిషన్ వచ్చాక స్టూలు వేసుకుని దాని అద్దం తలుపు ముందు కూర్చున్నాడు. పాత లేత్‌లో కడ్డీ ఉన్నచోటే తిరుగుతుంటే కత్తి దాని పొడుగునా నడుస్తుంది. ఇందులో కడ్డీయే తిరుగుతూ కత్తి దగ్గరికి వస్తుంది. పక్కనే గైడ్ బుష్ అనే ఉంగరంలాంటిది దాన్ని వంగకుండా పట్టుకుని ఉంటుంది. మామ చేయి అలవాటుకొద్దీ ఎదురు దిక్కుకే పోయేది. నేర్పడానికి వచ్చిన ఇంజనీరును అడిగిందే అడిగేవాడు. నాకు సిగ్గేసి మోచేత్తో పొడిస్తే, "తెలీనిది అడగాల. తెలిసినట్టు తలకాయ ఊపితే మిషన్ తలకాయ ఊడతాది" అన్నాడు.

ఆయనతో వేగడం తేలిక కాదు. సొంత కళ్ళద్దాలు ఎప్పుడూ ఇంట్లోనే మరిచి వచ్చేవాడు. చేసిన ముక్కను చూడాలంటే నా ముఖం మీద నుంచి నావి లాక్కునేవాడు. ముక్కను వెలుతురుకు పట్టి, తల ఓ పక్కకు వంచి, ఒక కన్ను మూసి చూసేవాడు. వీధి చివర కొట్టు కాఫీ రోజూ తాగి రోజూ తిట్టేవాడు. "ఇది కాఫీయా, మిషన్‌లో పోసే కూలెంటా?" అనేవాడు. ఒకనాడు కొట్టు మూసి ఉంటే మాత్రం మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయనకొక ఆనవాయితీ ఉండేది. మా షాపుకు ఏ మిషన్ వచ్చినా, దాని మొదటి కడ్డీ కొసన మొనదేలిన పంచ్ ఆనించి సుత్తితో ఒక చుక్క కొట్టేవాడు. దాన్ని బొట్టు అనేవాడు. కుంకుమైతే నూనెలో కరిగిపోతుందట. కడ్డీ ముందు కొసన కొట్టేవాడు కాబట్టి మొదటి కోతకే ఆ చుక్క తెగిపోయేది. అట్లా తెగితేనే మిషన్ బోణీ అయినట్టు లెక్క.

పోయే ముందురోజు సాయంత్రం పిన్నుల కడ్డీ ఎక్కించాడు. ఈ మిషన్‌కు కడ్డీని వెనక నుంచి తోస్తారు. వెనక నిలబడి, ఎదురుగా కనిపించిన కొసకే ఠంగున చుక్క కొట్టేశాడు. మా ఆపరేటరు సుగుణ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మామా, బొట్టు వీపుకు పెట్టినావే!"

మామ చూసుకుని నాలిక కరుచుకున్నాడు. "ఈ మిషన్‌తో ముందేదో వెనకేదో తెలీకుండా పోయింది. సరి, ఉండనీ. రేపు ఫస్ట్ పీసు చూసి సంబరపడబాకండి. కడ్డీ అయిపోయేదాకా చూడాల" అన్నాడు.

ఆ రేపు ఆయనకు రాలేదు. పిన్నుల సాంపిల్ మాత్రం సోమవారానికి ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఆర్డరు వేరే ఊరికి పోతుంది, ఆయన అంత ఆశపడి తెప్పించిన మిషన్ ఉత్త బొమ్మలా నిలబడుతుంది. కానీ మాలో మనిషి పోతే పెద్దకర్మ దాకా షాపులో చక్రం తిరగదు. సాంపిల్ సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు. దహనమైన మర్నాడు అత్తే అడిగింది.

"ఆడ మిషన్ ఆడతా ఉందా?"

"లేదత్తా. ఎట్లా ఆడిస్తాం?"

"కడ్డీ ఎక్కించి వచ్చినానని ఎన్నిసార్లు చెప్పినాడో. దాన్ని ఆడ అట్నే ఇరికించి ఈడ పిండం పెడితే కాకి ముట్టతాదా? పో, పోయి ఆడించు."

ఆదివారం సుగుణా నేనూ షాపు తెరిచాం. మొదటి పిన్ను కొలత తప్పింది. మామ ఎట్లా సరిచేసేవాడో గుర్తు తెచ్చుకుంటూ కాసేపు ఇద్దరం కొట్లాడుకున్నాం. తర్వాతవి కుదిరాయి. సంబరపడలేదు. కడ్డీ అయ్యేదాకా నిలబడే ఉన్నాం.

ఈ మిషన్‌లో కడ్డీ చివర జానెడు తుండు తరగడానికి అందదు, మిగిలిపోతుంది. వెనక ట్రేలో అది టంగుమని పడింది. తీసి చూస్తే కొసన మామ కొట్టిన చుక్క, కొట్టింది కొట్టినట్టే ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. సుగుణ మిషన్ ఆపింది.

సాంపిల్ సోమవారం చేరింది. ఆర్డరు మాదేనన్నారు. ఆ మాట చెప్పుకోవాల్సిన మనిషి లేడు.

నిన్న మేడ మీద అత్త ఆకులో పిండం పెట్టింది. పక్కన కాఫీ గ్లాసు, దాని పక్కన ఆ తుండు. కాకి పిట్టగోడ మీద వాలింది. ముద్ద వైపు చూడలేదు. గెంతుకుంటూ తుండు దగ్గరికి పోయి, తల ఓ పక్కకు వంచి, ఒక కంటితో ఆ చుక్కనే చాలాసేపు చూసింది. నేను ముద్దను దాని వైపు జరపబోయాను.

"ఉండవే, తొందరపెట్టబాక" అంది అత్త నా చేయి పట్టుకుని. "కొలత చూస్తా ఉండాడు."

ఆ తర్వాతే అది ముద్ద ముట్టింది.