సన్యాసిరావు గారు దిండు కావాలన్న రోజు

నేను రిటైరవడానికి ముందటి ఏడాది శ్రావణ మాసంలో, విశాఖపట్నం రేడియో కేంద్రంలో ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా ఉండగా, ఒక ప్రత్యక్ష ప్రసారం నా మీద పడింది. ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ అంటే, కార్యక్రమం బాగుంటే పేరు అనౌన్సరుకీ, చెడితే సంజాయిషీ మనకీ వచ్చే ఉద్యోగం. సన్యాసిరావు గారి కొత్త ఆల్బమ్ మీద శ్రోతలు ఫోన్లో మాట్లాడతారు, ఆయన స్టూడియోలో కూర్చుని జవాబు చెబుతారు. గంటసేపు.

ఆయన చేసేదాన్ని యాంబియంట్ సంగీతం అంటారు. పల్లవీ చరణాలూ ఉండవు, తాళం ఉండీ లేనట్టుంటుంది. అగరుబత్తి వాసనలా గదిలో పరుచుకుంటుంది. హార్మోనియం శ్రుతి మీద అలల చప్పుడూ ఓడ కూతా కలిపి ఆయన చేసిన పాత కేసెట్లంటే మా ఊళ్ళో చాలామందికి ప్రాణం. డెబ్బై దాటాక, చాలా ఏళ్ళ విరామం తర్వాత, 'రేవు' అని కొత్తది చేశారు. స్టూడియోలోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"దీనికి రెండో భాగం మొదలెట్టినానమ్మాయ్. పూర్తి సెయ్యాలో, కట్టిపెట్టీయాలో, ఈయాల జనం సెప్పింది ఇని తేల్చుకుంటాను."

నేనూ ఆ కేసెట్లతో పెరిగినదాన్నే. రెండో భాగం రావాలి, అంతే. అందుకు నాకు చేతనైన పని ఒకటుంది. ప్రత్యక్ష ప్రసారంలో ఫోన్లు నేరుగా స్టూడియోకి వెళ్ళవు. ముందు అద్దానికి ఇవతల కంట్రోల్ రూములో మేము ఎత్తి, రెండు మాటలు విని, పనికొస్తుందనుకుంటే లోపలికి కలుపుతాం. దీన్ని వడపోత అంటాం. ఆ రోజు నేను పట్టుకున్న జల్లెడ మహా సన్నంది. "సముద్రం సప్పుడికి రేడియో ఏలమ్మా, బీచికెల్తే ఇనపడదా?" అని ఒకాయన మొదలుపెట్టగానే, లైన్లు ఖాళీ లేవండీ అని పెట్టేశాను.

మెచ్చుకోళ్ళకు లోటు లేదు. సింహాచలం కొండ కింద పూలకొట్టావిడ, "పాట పెట్టీసరికి నిద్రొచ్చీసింది బాబూ, ఎంత సల్లగుందో" అంది. పాతపట్నంలో గడియారాలు బాగుచేసే కరీముల్లా గారు, చాన్నాళ్ళుగా నిద్రలేని తమ అబ్బాజాన్ అయిదు నిమిషాల్లో గురక పెట్టారని షుక్రియా చెప్పారు. నేను అద్దం వెనక మురిసిపోతున్నాను. సన్యాసిరావు గారి ముఖం మాత్రం ఫోను ఫోనుకీ వాడిపోతోంది.

ఆల్బమ్ మొదటి ముక్క వేసిన విరామంలో టాక్‌బ్యాక్ మీట నొక్కాను. మా మాట శ్రోతలకు వెళ్ళకుండా స్టూడియోలోకి మాత్రమే వినిపించే ఏర్పాటు అది. మంచినీళ్ళు పంపమంటారా అని అడిగాను.

"నీళ్ళెందుకమ్మా, దిండు పంపించు. ఇన్నేళ్ళబట్టి అందర్నీ నిద్దరపుచ్చుతన్నాను. ఇది మేలుకోడానికి సేసినాను. ఇదీ జోలపాటే అయితే ఇంక సాలు. రెండోది వద్దు."

ఆయన్ని ముంచుతున్నది నేనే. ముక్క అయిపోతోంది, ఎవరో ఒకరిని లోపలికి పంపాలి. వెలుగుతున్న లైను ఎత్తాను. కూర్మన్నపాలెం నుంచి గౌరునాయుడు, స్టీల్ ప్లాంటులో పని. "మాస్టారికి నమస్కారం సెప్పుకుంటానమ్మా, అంతే" అన్నాడు. కలిపేశాను.

"మాస్టారూ, నైట్ షిఫ్ట్ దిగి నాను మీ పాత కేసెట్టు పెట్టుకునే పడుకుంటాను. మొన్న కొత్తది పెట్టినాను. ఏటండీ అది? కన్ను మూతపడతంటే మద్దిలో ఆడోళ్ళు పకపకా నవ్వుతారు. లేచి కూకున్నాను."

అనౌన్సరు కంగారుగా నా వైపు చూసింది, ఫోన్ కట్ చెయ్యమని. సన్యాసిరావు గారు చెయ్యి అడ్డం పెట్టి, తర్వాత ఏమైందని అడిగారు.

"ఏటవుద్దండీ? మా ఆవిడ వంటింట్లోంచి ఇని, సుట్టాలొచ్చీసినారనుకుని నాలుగు టీలు పెట్టీసింది!"

సన్యాసిరావు గారు నవ్విన నవ్వుకి నా ముందున్న మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. ధ్వని అంత దూరం వెళ్ళకుండా చూడటం నా పని. ఆ రోజు చూస్తూ కూర్చున్నాను. మరి ఆ టీలు ఎవరు తాగారని ఆయన అడిగారు. "మేవిద్దరవే తాగీసినాం. మళ్ళీ మొదట్నించీ పెట్టుకుని ఇన్నాం. నిద్ర మాత్రం పోయిందండీ" అన్నాడు గౌరునాయుడు, ఫిర్యాదు మర్చిపోకుండా.

ఆ నవ్వులు ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం దగ్గర ఆయన రికార్డు చేసినవి. ఆల్బమ్ మధ్యలో ఉన్నాయి. మెచ్చుకున్నవాళ్ళెవరూ అక్కడిదాకా రాలేదన్నమాట.

అప్పటినుంచి జల్లెడ తిరగేశాను. ఎత్తిన ప్రతి ఫోనుకీ, ఎందాకా విన్నారని అడిగాను. తగరపువలసలో బట్టలు కుట్టే ఒకావిడ, ఆ నవ్వులు తనకు నచ్చలేదనీ, మొగుడికి నచ్చాయనీ, ఇంట్లో రెండ్రోజులుగా ఇదే గొడవనీ చెప్పింది. బీచికెళ్తే చాలన్న ఆయన నంబరు చూసుకుని నేనే ఫోన్ చేసి కలిపాను. ఆయన మొహమాటపడకుండా మళ్ళీ అదే అన్నాడు. "నిజమే బాబూ, రేపు ఇద్దరవూ కలిసెల్దాం" అన్నారు సన్యాసిరావు గారు. ఆయన కుర్చీ అంచుకి వచ్చి కూర్చున్నారు. అంత సంతోషం నా సర్వీసులో ఏ అతిథి ముఖంలోనూ చూడలేదు.

మర్నాడు మా డైరెక్టరు గారు పిలిచి, పెద్దాయన్ని పిలిచి అన్ని తిట్లు తినిపించడమేమిటని అడిగారు. తిన్నాయన ఇంకా కావాలంటున్నారని చెప్పాను.

రెండో భాగం ఈ మధ్యే వచ్చింది. దాని నడిమధ్యలో గ్లాసుల చప్పుడు వినిపిస్తుంది, నాలుగు టీలు వరసగా పెట్టినట్టు.

బాగుందా అని అడిగితే శ్రోత మర్యాదకి ఏదో ఒకటి చెబుతాడు. ఎందాకా విన్నారని అడగాలి. రిటైరయ్యేదాకా ఫోనెత్తి నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.