నాన్న జుట్టు, అమ్మ చేతి నూనె

ఈరోజు ఫ్రిస్కోలో ఒక గృహప్రవేశానికి వెళితే, ఎవరి జడలోంచో కొబ్బరినూనె వాసన వచ్చింది. మీకూ గుర్తుందా, ఆదివారాలు అమ్మ ముందు కూర్చుని తలకు నూనె పెట్టించుకోవడం? నల్లజాతివాడైన మా నాన్న ఉంగరాల జుట్టే నాకూ వచ్చింది. దువ్వెన దిగేది కాదు. "మీ నాన్న జుట్టమ్మా, మెల్లగా తియ్యాలి," అంటూ మా తెలుగమ్మ వేళ్లతోనే చిక్కు తీసేది.

అంతలో ఇండియా నుంచి వచ్చిన మా ఆయన పిన్ని, నాకు తెలుగు రాదనుకుని, పక్కావిడతో అంది: "మా కిరణ్‌కి మనవాళ్లలో పిల్లే దొరకలేదా?"

కిరణ్ విన్నాడు. నవ్వి ఊరుకున్నాడు.

ఎందుకు నవ్వావని కార్‌లో అడిగాను.

"పెద్దావిడ కదా, పట్టించుకోకు," అన్నాడు.

ఇంట్లో నాతో ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడతాడు. అమ్మ పోయాక నాతో ఎవరైనా తెలుగులో అన్న మొదటి మాట, ఆ "పట్టించుకోకు".