నవ్వే దిష్టిబొమ్మ

మా ఆయనకు చౌడేపల్లెలో పంచర్ షాపు. ట్యూబుకు ప్యాచీ వేయడం ఆయన పని, బొమ్మలు వేయడం ఆయన పిచ్చి. పాత రేకు ముక్క కనబడితే చాలు, దాని మీద రాక్షసుడి తల వేసి, కొత్తగా కట్టే ఇళ్లకు దిష్టిబొమ్మగా ఇచ్చేవాడు. చిక్కల్లా ఒక్కటే, ఆయనకు కోపం రాదు. కోపమే రాని మనిషి వేసిన రాక్షసుడికి మాత్రం కోపం ఎక్కడినుంచి వస్తుంది? కోరలుండేవి, మీసాలుండేవి, మొహం మాత్రం పెళ్లింటి ముందు పన్నీరు చల్లేవాడి మొహంలా ఉండేది.

వరసగా మూడు బొమ్మలు వెనక్కి వచ్చాయి. మూడోది తెచ్చిన పుంగనూరు మేస్త్రీ నలుగురూ వినేలా అన్నాడు.

"ఏమప్పా, నీ రాక్షసుడు నవ్వతా ఉండాడే! దిష్టి పోయేది అట్లుండనీ, దోవన పోయేవాళ్లు కాఫీకి లోపలికి వస్తాండారు!"

ఆ సాయంత్రం మా ఆయన సంగటి ముద్ద ముట్టలేదు. "ఇంకొక్కటి వేస్తా. అది గూడా తిరిగొస్తే ఈ కుంచెను పొయ్యిలో పెట్టేస్తా" అన్నాడు. నాకు జాలేసింది.

మర్నాడు చూద్దును కదా, నా పప్పు గిన్నెలో ఎర్ర రంగు కలుపుకుని కూర్చున్నాడు! ఆ జాలంతా ఎటు పోయిందో.

"నీకేమన్నా బుద్ధుండాదా? ఇంట్లో ఇంకో గిన్నే దొరకలేదా?" అని నడుముకు చేతులు పెట్టుకుని అరగంట వాయించాను. ఆయన నా మొహం చూస్తూ కుంచె ఆడిస్తూనే ఉన్నాడు. నాకింకా మండింది.

ఆ బొమ్మ తిరిగి రాలేదు. పైగా అలాంటిదే కావాలని మదనపల్లె నుంచి, కుప్పం నుంచి అడిగి మరీ వేయించుకున్నారు. ఒకరోజు బస్సులో కుప్పం పోతూ ఒక మూడంతస్తుల మేడ మీద ఆ బొమ్మను చూశాను. కోరలూ మీసాలూ తీసేస్తే అది నేనే! ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, రెండు ముక్కుపుడకలు, అన్నీ ఉన్నాయి. పక్క సీటామె ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూసి కొంచెం జరిగి కూర్చుంది.

చచ్చినా ఇక ఆయన్ని తిట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎనిమిది రోజులు తేనె పూసినట్టు మాట్లాడాను. రాక్షసులు మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు. రెండు బొమ్మలు తిరిగొచ్చాయి. ఆయన కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ మూట కంటబడినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

చివరికి నేనే దించాను. పప్పు గిన్నె తెచ్చి ఆయన ముందర పెట్టి, "కలుపు రంగు!" అని నడుముకు చేతులు పెట్టుకుని తిట్టడం మొదలుపెట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఆయన వేస్తూ వేస్తూ ఆగిపోయాడు.

"ఇది కోపం గాదు మే. సూడు, నవ్వతా ఉండావు."

ఆ బొమ్మను ఎవరికీ ఇవ్వలేదు, మా గుమ్మం మీదే కట్టాడు. దాన్ని చూసి దోవన పోయేవాళ్లు కాఫీకి లోపలికి వస్తూనే ఉన్నారు. పాలు చాలడం లేదని నేను నోరు తెరిస్తే చాలు, ఆయన కుంచె వెతుక్కుంటున్నాడు.