చెత్తలో పడ్డ మూడు మొలకలు

ఆ తోటలో బయటినుంచి తెచ్చిన మొక్కకు చోటు లేదు. ఆ నేలమీదే పుట్టి, ఇప్పుడు కనుమరుగైపోతున్నవాటినే అక్కడ కాపాడతారు. ఇరవై రెండేళ్లుగా అందులో కలుపు తీసే మనిషిని అందరూ పిన్నీ అనే పిలుస్తారు. పిన్ని కూర్చుని లేచిన మడిలో గడ్డిపోచ మిగలదు. పురుగునైనా నాలుగు తిట్టందే పక్కకు నెట్టదు, అదో అలవాటు.

ఆ రోజు పొద్దున చివరి మడి ముగించి లేవబోతుంటే, బోర్లా పడి ఉన్న పేరుపలక కంటపడింది. రాత్రి గాలికి పడింది కాబోలు. ఎత్తి చూసింది. తోట నడిపే మేడమ్ నాలుగేళ్లు తంటాలుపడి గింజనుంచి మొలిపించిన మూడు మొలకలవి. తల్లిమొక్క పోయిన వేసవిలోనే ఎండిపోయింది. ఆ జాతిలో మిగిలినవి ఆ మూడే. రెండాకులతో అచ్చం కలుపులాగే ఉండేవి, పిన్ని చేయి ఊరుకుంటుందా? పీకి ఎరువుగుంటలోని చెత్తలో పారేసింది!

ఎవరూ చూడలేదు. నత్తలు తినేశాయంటే నమ్ముతారు. కాదనడానికి నత్తలకి నోరుందా? ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజమే, దాచడమెందుకు. కానీ కాళ్లు మేడమ్ గదివైపే నడిచాయి.

"నేనే పీకేశానమ్మా. ఈ పాడు చేతులతోనే."

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి ఎరువుగుంట దగ్గరికి పరుగెత్తింది, వెనకే పిన్ని. ఇద్దరూ మోకాళ్లమీద కూర్చుని కుప్పంతా పోచ పోచా వెతికారు. రెండు దొరికాయి. మూడోది పార కింద నలిగిపోయింది.

"వేరు తెగలేదు పిన్నీ!"

"ఎలా తెగుతుందమ్మా? తెగితే కలుపు మళ్లీ మొలుస్తుందని మట్టి వదులుచేసి మొత్తం లాగుతాను కదా," అంటూ పిన్ని భోరుమంది.

కుండీల్లో నాటి నీడలో పెట్టారు. నాలుగో రోజుకి ఒకటి తలవాల్చేసింది. రెండోదాని దగ్గర పిన్ని అన్నం సయించక కూర్చునేది. ఇక తనని ఆ మడివైపు రానివ్వరని, రానివ్వకపోయినా న్యాయమేనని కూతురితో చెప్పేసింది.

పద్దెనిమిదో రోజున గోరంత చిగురు కనిపించింది. పిన్ని మేడమ్‌ని కేకేసి, తాను నాలుగడుగులు దూరంగా జరిగి నిలబడింది.

మేడమ్ కళ్లు తుడుచుకుంది. "వచ్చే నెల మళ్లీ మడిలో నాటుదాం. చుట్టూ కలుపు నువ్వే తియ్యాలి."

"నేనా? తెలిసే అంటున్నారా అమ్మా?"

"పీకేశానని నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు. నీ చేతికి కాక ఇంకెవరి చేతికివ్వను పిన్నీ?"