సారు నడకలో బ్లూస్

మా డ్రమ్ముల సారు పోయారన్న ఫోను నాకు కోదాడలో, ఒక పెళ్లి ఊరేగింపు నడుమ వచ్చింది. చేసింది సారు భార్య. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. "మీ సారు ఇక లేరు నాన్నా. పొద్దున కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే..." అని ఆగిపోయింది. పెళ్లికొడుకు మేనమామలు ముందు చిందులేస్తున్నారు. బ్యాండు ఆపే వీల్లేదు. ఆ మాట విన్నాక కూడా ఫంక్షన్ హాలు గేటు దాకా తీన్మార్ కొట్టాను. ఒక్క దెబ్బ తప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాది సూర్యాపేట. పదహారేళ్లుగా పెళ్లి బ్యాండులో వాయిస్తున్నాను. నాకు రానిది లేదనే పొగరు ఉండేది. రెండేళ్ల కింద గిటారు వాయించే మిత్రుడొకడు ఫోనులో బ్లూస్ పాట ఒకటి పెట్టి, దానితో కలిసి వాయించమన్నాడు. ఇంత నిమ్మళమైన పాటకు వాయించడానికి ఏముంది అనుకున్నాను. రెండు నిమిషాల్లో పాటను వెనకే వదిలేసి ముందుకెళ్లిపోయాను. మళ్లీ మొదలుపెట్టినా అంతే. "నీకు పెళ్లికొడుకు గుర్రం తప్ప ఇంకేం కనబడదురా" అని నవ్వాడు. మిర్యాలగూడలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడని, వయసులో ఉండగా సికింద్రాబాదులో బ్లూస్ వాయించేవాడని చెప్పి పంపింది కూడా వాడే.

సారు ఇల్లు రైస్ మిల్లుల దారిలో ఉంటుంది. పైన కాపురం, కింద ఒకప్పుడు తవుడు బస్తాలు వేసిన గది. డ్రమ్ముల సెట్టు అందులోనే. మోత తగ్గడానికి పెద్ద డ్రమ్ములో పాత బొంత కుక్కి ఉంచేవారు. ఉద్యోగంలో ఉండగా గూడ్సు బండి మీంచి పడి, సారు కుడికాలు కాస్త పొట్టిదైంది. నడిస్తే ఒక అడుగు సాగేది, రెండోది టక్కున పడేది. మొదటి రోజే నా చేతికి కర్రలిచ్చి, "నేను నడుస్త. నా అడుగుల మీద కొట్టు" అన్నారు.

బ్లూస్ తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. అందులో ఎక్కువగా వినబడే నడకను షఫుల్ అంటారు. మూడు దెబ్బల జాగాలో నడిమిది కొట్టకుండా వదిలేయాలి. సారు నడక అచ్చం అదే. "ఒకటి, రెండు, మూడు అనుకో. రెండోది మింగు. మింగినవ్ గని మర్వద్దు, అది కడుపుల ఉండాలె" అనేవారు. నేను మింగేవాణ్నే, దానితోపాటు దాని జాగా కూడా తినేసేవాణ్ని. వేగం పెరిగిపోయేది. సారు ఆపమనేవారు కాదు. నేనెంత తొందరపడితే ఆయన కూడా అంత తొందరగా, ఆ కాలితోనే, ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచేవారు. చివరికి రొప్పుతూ గోడ పట్టుకుని నిలబడితేగానీ నాకు సోయి వచ్చేది కాదు. "సూసినవా, నీ చెయ్యి ఉరికితే ఎవలు ఉరకాలె?" అనేవారు. అంతే. తిట్టినా బాగుండేది.

క్లాసు మంగళవారం, ఆ రోజు పెళ్లిళ్లు ఉండవు కాబట్టి. మధ్యలో స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడితే గడియారం చూసుకుని, "పదకొండు నిమిషాలు లేటు" అని గొణిగేవారు. రైలుదేమో ఆలస్యం, నాదేమో తొందర, పాపం ఆ రెంటి మధ్య ఆయన. ఒకసారి విసుగొచ్చి, ఇంత నిమ్మళంగా ఎందుకు వాయించాలని అడిగాను. "బాధ ఉన్నోడు ఎటు ఉరుకుతడురా? ఏడికి పోయినా అది ఎంబడే వస్తదని వానికి ఎర్కే" అన్నారు.

ఏడాదిన్నరకు నా చెయ్యి నిలబడింది. ఆ రోజు సారు ఇరవై నిమిషాలు నడిచినా ఆయాసపడలేదు. "ఇయ్యాల నన్ను మంచిగ నడిపించినవ్" అన్నారు. నా బతుకులో అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

దినాలయ్యాక అమ్మ గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. అమ్మది కోదాడ అవతల, ఆంధ్ర వైపు, మాట మెత్తన. "ఎప్పట్లాగే మంగళవారం వచ్చి వాయించుకో నాన్నా, గది మూగబోకుండా" అంది. వెళ్లాను. ఒంటరిగా కూర్చుని సారు నడకకే కొట్టాను. ఆ గోడ నుంచి ఈ గోడకు ఎవరో నడుస్తున్నట్టే ఉంది. తల ఎత్తాలంటే భయం వేసింది. ఇంతలో పైన గడియ తీసిన చప్పుడైంది. అమ్మ సగం మెట్లు దిగి నన్ను చూసి ఆగిపోయింది. "ఏం లేదు నాన్నా. ఆయన పైకి వస్తున్నారనుకున్నా" అంది.

తర్వాతి మంగళవారం కూడా గడియ తీసింది. ఆ పై మంగళవారమూ అంతే. వెళ్లకుండా ఉందామంటే, మధ్యాహ్నానికే ఫోను చేసి బయల్దేరావా అని అడిగేది. సారు నేర్పింది సరిగ్గా వాయిస్తున్న కొద్దీ ఆమెను ఏడిపిస్తున్నానని నాకు అర్థమైంది.

అందుకే నాలుగో మంగళవారం కావాలనే చెడగొట్టాను. సారు ఏడాదిన్నర ఆయాసపడి మాన్పించిన తొందరను నా అంతట నేనే తెచ్చుకుని, ఊరేగింపులో వాయించినట్టు వాయించాను. పైన చడీచప్పుడు లేదు. బతికిపోయాను అనుకున్నాను.

గడియ తీసిన చప్పుడైంది.

"ఏంట్రా ఆ పరుగు? ఆయన పోయారని నేర్పింది కూడా పోగొట్టుకుంటావా?"

"అది కాదమ్మా, మీరు ఊకె లేసి తలుపు తీస్తున్నరని..."

"తీస్తాను. ఆయన వస్తున్నట్టు నాకు అనిపించేది ఆ కాసేపే. అది కూడా లేకుండా చేస్తావా? నెమ్మదిగా కొట్టు."

ఎలాగో వేగం తగ్గించాను. ఒకటి సాగుతూ, ఒకటి టక్కున. పైన తలుపు రెక్క పూర్తిగా తెరిచి గోడకు ఆనించడం వినబడింది. ఆమె మెట్లు దిగలేదు, లోపలికీ వెళ్లలేదు. ఎండ వాలిపోయి మెట్ల మీద వెలుగు సన్నబడింది. నా భుజాలు లాగేస్తున్నాయి. ఆపితే ఆమె ఆ తలుపు వేసుకోవాలి కదా అని కొడుతూనే ఉన్నాను.