షాహీన్ ఆపా డాంగిల్

దయ్యాల కథలు చాలా చదివాను, ఒక్కటీ నమ్మలేదు. చదువుకోవడానికి బాగుంటాయి, అంతే. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. కాశిబుగ్గలో మా ఇంట్లో, పట్టపగలు, అమ్మ పక్కనే ఉండగా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా కంప్యూటర్ పాతది. విండోస్ మోయలేక మొరాయిస్తుంటే పక్కింటి షాహీన్ ఆపా దాంట్లో లినక్స్ వేసి ఇచ్చింది. ఆపా అంటే అక్క. తను ఇంట్లోనే ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే పని చేసేది. మాకు కేబుల్ ఇంటర్నెట్ రాకముందు సిమ్ కార్డుతో నెట్ వచ్చే తన డాంగిల్ తెచ్చి పెట్టి, ఎలా వాడాలో నేర్పింది కూడా తనే.

లినక్స్‌లో ఆ డాంగిల్ పెట్టగానే నెట్ రాదు. ముందు తెర మీద సీడీ బొమ్మ వస్తుంది. దాన్ని ఎజెక్ట్ కొట్టి కాసేపు ఆగితే, అప్పుడు మోడెమ్‌గా మారి నీలం లైటు వెలుగుతుంది.

"దీనికి నీ లెక్కనే సిగ్గు," అనేది ఆపా. "ముందు వేరే మొఖం చూపిస్తది. తొందరవెట్టకు." అమ్మ వైపు తిరిగి, "చిన్నమ్మా, జర చాయ్ పెట్టు, మసిలేలోపు అదే వస్తది."

లైటు రాగానే లేచిపోయేది. చాయ్ మాత్రం ఎప్పుడూ తాగేది కాదు. "మళ్ల తాగుత చిన్నమ్మా!" అని గుమ్మంలోంచే అరిచేది.

పోయినేడు జ్వరంతో దవాఖానలో చేరిన ఆపా తిరిగి రాలేదు. నలభయ్యో రోజు ఫాతిహా తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళలేదు. ఏం మాట్లాడాలో తెలియక.

ఈ ఏడాది లైబ్రరీ కోర్సుకు దరఖాస్తు చేశాను. పుస్తకాల మధ్య పని, చిన్నప్పటి నుంచి నేను కోరుకున్నది అదొక్కటే. సీటుకు ముందు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటుందని, హాజరు కాకపోతే సీటు ఇంకొకరికి పోతుందని చెప్పారు. సరిగ్గా ఇంటర్వ్యూ రోజు పొద్దున మా గల్లీలో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారు. నా ఫోన్ రిపేరులో ఉంది, నాన్నది బటన్ల ఫోన్. కొత్తవాళ్ళతో మాట్లాడే గండం తప్పిందని ఒక్క క్షణం హాయిగా అనిపించింది. వెంటనే ఏడుపొచ్చింది.

"ఏడ్సుకుంట కూసుంటే నెట్ వస్తదా? షాహీన్‌ది ఉండె గదా, పొయ్యి ఖాలాను అడుగు," అంది అమ్మ.

ఖాలా అంటే ఆపా వాళ్ళమ్మ. కుట్టుమిషను సొరుగులోంచి చేతిరుమాల్లో చుట్టిన డాంగిల్ తీసి నా చేతిలో పెట్టింది. "తీస్కపో బిడ్డా. ఊకెనే పడున్నది."

పెట్టాను. సీడీ బొమ్మ వచ్చింది. ఎజెక్ట్ కొట్టాను. ఏమీ లేదు. ఇంటర్వ్యూ సమయం దగ్గరపడుతోంది. నేనేమీ అడగకుండానే అమ్మ వెళ్ళి చాయ్ పెట్టింది. ఆ వాసన వస్తుండగా నీలం లైటు వెలిగింది. కనెక్షన్‌కు ఆపా అప్పట్లో తన పేరే పెట్టుకుంది. తెర మీద 'షాహీన్', పక్కన 'కనెక్టెడ్' అని వచ్చింది.

ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఇద్దరు. మొదటి ప్రశ్నకు కదలకుండా బొమ్మలా కూర్చున్నాను. నెట్ పోయిందేమో అనుకున్నారు వాళ్ళు. నేను లైటు వైపు చూశాను. తొందరవెట్టకు. మెల్లగా మొదలుపెట్టాను. చివరికి వాళ్ళే నన్ను ఆపాల్సి వచ్చింది. కాల్ అయిపోగానే లైటు ఆరిపోయింది.

తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఆపా తమ్ముడు యూసుఫ్ అన్న అన్నం తింటున్నాడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి తూచే కాంటా దగ్గర పని ఆయనకు.

"ఇదేం జేస్కున్నవ్? దీంట్ల సిమ్మే లేదు గదా."

"దీంతోనే ఇంటర్వ్యూ అయింది అన్నా."

"పరాచికమా? సిమ్ము నేనే తీసిన. అమ్మీ ఫోన్ల ఉన్నది."

ఎడమచేత్తో మూత లాగి చూపించాడు. సిమ్ పెట్టే చోటు ఖాళీ. ఆపా నంబరుకు ఫోన్ కొట్టాడు. ఖాలా ఫోనే మోగింది.

మా కంప్యూటర్‌కు వైఫై లేదు. తెగిన కేబుల్‌ను సాయంత్రం దాకా ఎవరూ అతకలేదు. ఇంజినీరింగ్ చదివిన మా బావ "ఎక్కడో పొరబడ్డావ్" అన్నాడు. కానీ ఆ ఇద్దరూ నా మాటలు విన్నారు. తర్వాత సీటు కూడా ఇచ్చారు.

ఖాలా మాత్రం ఆశ్చర్యపోలేదు. "మాట్లాడినవా బిడ్డా?" అంది.

"మాట్లాడిన ఖాలా."

కొడుకు చేతిలోంచి డాంగిల్ తీసుకుని, "మళ్లొకసారి పెడ్తవా? నేన్గూడ సూస్త," అంది.

మా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. సీడీ బొమ్మ వచ్చింది. ఎజెక్ట్ కొట్టాను. అమ్మ పెట్టిన చాయ్ మసిలింది, గ్లాసుల్లో పడింది, చల్లారింది. లైటు రాలేదు. ఖాలా ముఖం వైపు చూడలేకపోయాను.

ఆమే నవ్వింది. "నీ పనైపాయె గదా. ఇంక ఆగుతదా అది? చాయ్‌కి గూడ ఆగది."

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అమ్మ ఒక గ్లాసు ఎక్కువ ఎందుకు పోసిందో కూడా తెలియదు. ఖాలా తన చాయ్ తాగి, ఆ గ్లాసు కూడా అందుకుని, మెల్లగా, మొత్తం తాగింది.