లేదనే మాట లేని కొట్టు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా పెద్దమ్మ మిఠాయి కొట్లో లేదు అనే మాట అనకూడదు. ఆమె అమ్మేది కడలమిట్టాయి, అంటే బెల్లప్పాకంలో వేరుశనగపప్పు వేసి చేసేది. అది చివరి ముక్క దాకా అమ్ముడైపోయి అద్దాల బీరువాలో ఈగ ఒక్కటే మిగిలినా, వచ్చినవాళ్ళకు "రేపొస్తుంది" అని చెప్పాలి. లేదంటే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుంది. లక్ష్మి అంత తొందరగా నొచ్చుకుంటుందని నేననుకోను. పెద్దమ్మ నొచ్చుకుంటుంది, అది చాలు.

పెద్దనాన్న పోయినప్పటినుంచి కొట్టు నడిపేది ఆమే. గల్లాపెట్టె దగ్గర కూర్చునే బరువు మాత్రం ఆయన తమ్ముడు, మా చిన్నాయన, దయతో ఎత్తుకున్నాడు. ఫ్యాను కూడా అటే తిరుగుతుంది. ఏ పని చెప్పినా "అయిపోతుంది" అంటాడు. అవదు. కొట్టు తన చేతికొస్తే సెల్‌ఫోన్ల షోరూము పెట్టాలని ఆయన ఆశ. చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. పెద్దమ్మ కొత్తగా మొదలుపెట్టే ఆన్‌లైన్ అమ్మకం ఈ దీపావళికి నిలబడితే కొట్టు ఆమెది. పడితే తాళాలు ఆయనవి.

వెబ్‌సైట్ పని విరుదునగర్‌లో నేను పనిచేసే ఆఫీసుకొచ్చింది. ఒక సర్వరు చాలినచోట మా మేనేజరు రెండు అంటగట్టాడు. ఆయన దృష్టిలో ఇంజినీరింగ్ అంటే అదే. రెండు ఉన్నాయి కాబట్టి వాటి ముందు లోడ్ బ్యాలన్సర్ ఒకటి కావలసి వచ్చింది. పెళ్ళిభోజనాల దగ్గర నిలబడి, ఏ వరసలో ఆకు ఖాళీగా ఉందో చూసి మనుషుల్ని అటు పంపే పెద్దమనిషి ఉంటాడే, అదీ అలాంటిదే. మనిషిని పంపే ముందు అది ఒక్కో సర్వరునూ మాటిమాటికీ పలకరిస్తుంది, పని చేయగలవా అని. దీన్నే హెల్త్ చెక్ అంటారు. ఆర్డర్లు దాచుకునే డేటాబేస్ అందకపోతే సర్వరు నిజాయితీగా "లేదు" అనాలని నేను రాశాను. నిజాయితీకి పట్టే గతే దానికీ పట్టింది.

శుక్రవారం పొద్దున కొట్లో ల్యాప్‌టాప్‌కు కర్పూరహారతి ఇచ్చి సైటు ప్రారంభించారు. మేనేజరు ఉత్సాహంగా ఒక్కో పేజీ తెరిచి చూపిస్తూ హెల్త్ చెక్ పేజీ కూడా తెరిచాడు. రెండో సర్వరును ఇంకా డేటాబేస్‌కు కలపలేదు. తెర నిండా లేదు అని అరవంలో లావుపాటి అక్షరాలు. పెద్దమ్మకు చదవడానికి వీలుగా ఉంటుందని అరవంలో రాయించిన తెలివి కూడా మేనేజరుదే.

"వెళ్ళిక్కెళమ పొద్దన్నే కడలో ఈ మాట రాసిండేది ఎవురురా?" అంది పెద్దమ్మ. శుక్రవారాన్ని ఆమె వెళ్ళిక్కెళమ అనే అంటుంది, కొట్టును కడ అని.

నేను నోరు తెరిచేలోపే మేనేజరు దాన్ని మార్చేశాడు. అప్పటినుంచి ఏ సర్వరును ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు, బాగున్నాను అని. ఇది కొంప ముంచుతుందన్నాను. కస్టమరు సంతోషంకన్నా మనకేం కావాలన్నాడు.

రెండో సర్వరును ఆ సాయంత్రమే డేటాబేస్‌కు కలిపాం. దీపావళి ముందు వారం ఆ లంకె తెగింది. అడిగితే బాగున్నానంది. మొదటి సర్వరు ఒక్కో ఆర్డరూ రాసుకుంటూ చెమటలు కక్కుతోంది. రెండోది వచ్చినవాళ్ళకు తెల్లపేజీ చూపించి, రెప్పపాటులో పంపేసి, మళ్ళీ ఖాళీగా కూర్చుంటోంది. ఎవరి దగ్గర పని తక్కువుంటే వాళ్ళ దగ్గరికి పంపమని లోడ్ బ్యాలన్సర్‌కు మేమే చెప్పాం. మద్రాసు, బెంగుళూరు జనమంతా తెల్లపేజీకే వెళ్ళారు. పని చేయనివాడు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాడు, ఖాళీగా ఉన్నాడు కదా అని అందరినీ వాడి దగ్గరికే పంపుతారు. ఇది తెలుసుకోవడానికి కంప్యూటర్లు అక్కర్లేదు. గల్లాపెట్టె వైపు చూస్తే సరిపోయేది.

మిఠాయి గుట్టలు పడింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటున్నారు. చిన్నాయన జీవితంలో మొదటిసారి పెందలాడే వచ్చి, టేపు పట్టుకుని గోడలు కొలవడం మొదలుపెట్టాడు. మేనేజరుకు ఫోన్ చేస్తే తన తెరమీద అంతా పచ్చగానే ఉందన్నాడు. జనాల రుచి మారిందేమో కనుక్కోమన్నాడు.

నేను బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్ళాను. కొట్లో కూర్చుని చూస్తే రోగం దొరికింది. పెద్దమ్మకు అర్థమయ్యేలా చెప్పాను. ఆమె అంతా విని, "బాగుండానని చెప్తా ఉండాదే అది" అంది.

"పాకం కుదిరిందా అని పాకాన్నే అడుగుతామా పెద్దమ్మా? నీళ్ళలో చుక్క ఏసి చూస్తాము గదా. దీన్నీ అట్లనే చూడాల."

"సరి, చూడు. ఆ మాట మట్టుకు వేండా."

మునిగిపోతున్నా ఆ మాట వద్దు. నేను ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాను.

"అయితే ఏమీ చెప్పకుండా ఊరకుంటుంది. అడిగినోడు కొంచేపు చూసి, వాడే తెలుసుకోని పోతాడు."

పెద్దమ్మ దాన్ని నాలుగువైపులా తిప్పి చూసింది. "అది మరియాద" అంది.

ఇక అడిగిన ప్రతిసారీ సర్వరు డేటాబేస్‌లోంచి ఏదో ఒకటి తెచ్చి చూపించాలి. తేలేకపోతే నోరు మూసుకోవాలి. రెండో సర్వరు మూసుకుంది. లోడ్ బ్యాలన్సర్ కొంచెం ఆగి, నొచ్చుకోకుండా, అందరినీ మొదటిదాని దగ్గరికి మళ్ళించింది. అది మూలుగుతూనే మొత్తం లాక్కొచ్చింది. గుట్టలు కరిగాయి. కొందరికి మిఠాయి పండగ దాటాక చేరింది, వాళ్ళు తిట్టిన తిట్లు మాత్రం వెంటనే చేరాయి. ఈ మౌనం తన ఆలోచనేనని మేనేజరు ఇప్పుడు కొత్త కస్టమర్లకు చెప్పుకుంటున్నాడు.

పండగ మర్నాడు చిన్నాయన తెల్లపంచె కట్టుకుని, జేబులో టేపుతో వచ్చాడు. "వదినా, సగం వారం యాపారమే నడవలేదే. చెప్పినట్ల తాళాలు ఇస్తే..." అన్నాడు.

పెద్దమ్మ ఆయన ముందు మజ్జిగ గ్లాసు పెట్టింది. మళ్ళీ అడిగాడు. ఆమె మిఠాయి ముక్కలు కొడుతూ ఉంది. ఆయన మజ్జిగ తాగాడు, ఫ్యాను చూశాడు, నన్ను చూశాడు. నేను మిఠాయిని చూశాను. ఇంకోసారి అడగబోయి ఆగాడు. చివరికి పంచె దులుపుకుని లేచి వెళ్ళాడు.

మా లోడ్ బ్యాలన్సర్ అయితే ఇంకొంచెం తొందరగా తెలుసుకుని లేచేది.